మెదడు ధమనుల ద్రష్ట ఎగాస్ మోనిజ్

శరీరంలోని అవయవాలన్నింటిలోను మెదడుకు ఉన్నంత గట్టికోట మరొక అవయవానికి లేదు. గుండె చప్పుడును చెవితో వినవచ్చును. కాలేయం పెరిగినదో లేదో చేతితో తడిమి తెలుసుకొనవచ్చును. మెదడు మాత్రం నలువైపులా ఎముకగోడల నడుమ కూర్చుండి, తన సుఖదుఃఖాలను బయటివారికి తెలియనీయదు. 1895లో రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనిపెట్టిన తరువాత కూడా ఈ స్థితి పెద్దగా మారలేదు. ఆ కిరణాలకు కపాలపు ఎముక కనబడినది గాని, దాని లోపలి మెత్తని మెదడు కనబడలేదు. మెదడులో కంతి ఎక్కడ పెరుగుతున్నదో, నెత్తురుగొట్టం ఎక్కడ ఉబ్బినదో, రోగి నడకను, చూపును, మాటను పరీక్షించి వైద్యుడు ఊహించవలసినదే. ఊహ తప్పితే శస్త్రవైద్యుని కత్తియు తప్పుచోటనే పడేది.

ఆ చీకటికోటలో మొదటి దీపం వెలిగించినవాడు ఆంటోనియో ఎగాస్ మోనిజ్ అనే పోర్చుగీసు నాడీవైద్యుడు. మెదడుకు నెత్తురు మోసుకొనిపోయే ధమనులను బ్రతికియున్న మనిషిలో చిత్రించే పద్ధతి ఆయన సాధించినదే. నేడు తొడలోని ధమని ద్వారా సన్నని గొట్టం పంపి, కపాలం తెరవకుండానే మెదడు ధమనులకు చేస్తున్న చికిత్సకు ఆ పద్ధతియే పునాది. అయితే మోనిజ్ జీవితం కేవలం విజయగాథ కాదు. అందులో ఒక మహోపకారమూ ఉన్నది, ఒక మహాపరాధమూ ఉన్నది. రెండూ ఒకే చేతినుండి, ఒకే ధైర్యంనుండి వెలువడినవి. ఈ రెండింటినీ ఎడబాపినదేమిటో గ్రహించుటయే ఆ జీవితకథను చదువుటలోని ప్రయోజనం.

పోర్చుగల్ దేశపు ఉత్తరభాగంలో, అట్లాంటిక్ సముద్రతీరానికి సమీపాన, అవాంకా అనే గ్రామం ఉన్నది. ఆ గ్రామంలో 1874వ సంవత్సరం నవంబరు 29వ తేదీన ఆయన జన్మించినాడు. పుట్టింటి పేరు వేరు. ఎగాస్ మోనిజ్ అనేది తరువాత చేర్చిన పేరు. ఆయనకు జ్ఞానతండ్రియైన పినతండ్రి, తమ వంశం పన్నెండవ శతాబ్దపు ఎగాస్ మోనిజ్ అనే వీరుని సంతతియని దృఢంగా నమ్మి, పిల్లవానికి ఆ పేరు పెట్టించినాడు.

ఆ పూర్వవీరుని కథ పోర్చుగీసు బాలురందరికీ తెలిసినదే. అతడు ఆ దేశపు తొలిరాజైన అఫోన్సో హెన్రికేస్‌ను పెంచి విద్యాబుద్ధులు నేర్పినవాడు. పొరుగురాజు ముట్టడించినపుడు తన శిష్యుడు ఆ రాజుకు విధేయుడై ఉండగలడని పూచీపడి ముట్టడిని తొలగించినాడట. శిష్యుడు మాట తప్పినాడు. అప్పుడా వృద్ధుడు ఆలుబిడ్డలతో కూడ మెడకు ఉరిత్రాళ్ళు వేసుకొని శత్రురాజు ఎదుట నిలిచి, తప్పిన మాటకు తమ ప్రాణాలను చెల్లు పెట్టుకొమ్మన్నాడని ఐతిహ్యం. హరిశ్చంద్రుని కథ వినిపెరిగిన తెలుగువారికి ఈ వృత్తాంతంలోని ధర్మం వేరుగా చెప్పనక్కరలేదు. ఇచ్చిన మాటకు తుదివరకు నిలిచి సమాధానం చెప్పిన మనిషి పేరు ఆ బాలునికి సంక్రమించినది.

మోనిజ్ కొయింబ్రా విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి 1899లో పట్టభద్రుడైనాడు. గణితంపై మక్కువతో ఇంజనీరు కావలెనని కూడ తొలుత అనుకొన్నాడంటారు. వైద్యవిద్య ముగియకముందే, ఇరవైనాలుగవ యేట, వాతరక్తం అనే కీళ్ళవ్యాధి ఆయనను పట్టుకొన్నది. అది జీవితాంతం వదలలేదు. క్రమంగా చేతివ్రేళ్ళు వంకరలు పోయి, శస్త్రం పట్టుటకు వీలు లేకుండా పోయినవి. శస్త్రచికిత్సా చరిత్రను మలుపుత్రిప్పిన ఈ మనిషి శస్త్రవైద్యుడు కాలేకపోయినాడన్నది గమనించదగిన విషయం. ఆయన ఆలోచించేవాడు, కత్తిని, సూదిని ఆయన శిష్యుడైన ఆల్మేడా లీమా పట్టేవాడు.

పట్టభద్రుడైన పిమ్మట ఫ్రాన్సుకు వెళ్ళి బోర్డోలోను, పారిస్‌లోను నాడీశాస్త్రం అభ్యసించినాడు. బాబిన్‌స్కీ, పియర్ మేరీ, సికార్ వంటి ప్రసిద్ధులతో ఆయనకు పరిచయం ఏర్పడినది అక్కడనే. 1911లో లిస్బన్ విశ్వవిద్యాలయంలో నాడీశాస్త్రాచార్యుడై, 1944లో పదవీవిరమణ చేసేవరకు ఆ పీఠంలోనే ఉన్నాడు.

కాని ఆయన యౌవనాన్ని, నడివయస్సును ఎక్కువగా కాజేసినది రాజకీయం. 1903 నుండి 1917 వరకు శాసనసభలో సభ్యుడు. రాజరికం చివరి దినాలలో, 1908లో, ప్రభుత్వవ్యతిరేక చర్యలలో పాల్గొని చెరసాల చూచినాడు. 1910లో గణతంత్రం ఏర్పడిన తరువాత ఆయన పలుకుబడి పెరిగినది. స్పెయిను దేశంలో రాయబారిగా, 1918లో విదేశాంగమంత్రిగా పనిచేసి, మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన పిమ్మట పారిస్ శాంతిమహాసభలో పోర్చుగీసు ప్రతినిధివర్గానికి నాయకత్వం వహించినాడు. ఆ తరువాత దేశంలోని కక్షలకు విసిగి రాజకీయాలకు స్వస్తి చెప్పినాడు. ఆనాటికి ఆయన పేరు మంత్రులపట్టికలో ఉన్నది గాని, శాస్త్రజ్ఞులపట్టికలో లేదు.

ఆయన అభిరుచులు బహుముఖాలు. పేకాట చరిత్రను గూర్చి వ్రాసినాడు. గోవాలో జన్మించి, పారిస్ నగరంలో సమ్మోహనవిద్యను ప్రదర్శించి పేరొందిన ఫాదర్ ఫరియా అనే భారతీయుని జీవితచరిత్రను 1925లో గ్రంథంగా ప్రకటించినాడు. ఇటువంటి వ్యాసంగాలతో వార్ధక్యాన్ని సుఖంగా వెళ్ళబుచ్చగల స్థితిలో, ఏబదియొకటవ యేట, ఆయన ప్రయోగశాలలో అడుగుపెట్టినాడు. అదృష్టమో, పట్టుదలయో, చాలమంది పరిశోధకులు విశ్రమించే వయస్సులో ఆయన పరిశోధన ప్రారంభమైనది.

ఆయన ఆలోచన సరళమైనది. మెదడు ఎక్స్ కిరణాలకు కనబడదు. కాని మెదడంతటా నెత్తురుకాలువలు వ్యాపించియున్నవి. మెడకు ముందువైపున రెండు కెరోటిడ్ ధమనులు, వెనుక వెన్నుపూసలలోనుండి ఎక్కే రెండు వెర్టెబ్రల్ ధమనులు, ఈ నాలుగే మెదడంతటికీ నెత్తురునందించే కాలువలు. ఎక్స్ కిరణాలను అడ్డగించే ద్రవం ఏదైనా ఈ ధమనులలో ఎక్కించి, అది ప్రవహించే క్షణంలోనే చిత్రం తీయగలిగితే, ధమనుల కొమ్మలూ రెమ్మలూ తెల్లని చెట్టువలె ప్రత్యక్షం కావలెను. కంతి ఉన్నచోట ఆ కొమ్మలు ప్రక్కకు నెట్టబడి ఉండవలెను. ఆకు కదలికను బట్టి గాలిని తెలుసుకొన్నట్లు, కొమ్మల వంపును బట్టి కంతిని తెలుసుకొనవచ్చును.

ఆలోచన సరళమే, ఆచరణ దుర్ఘటం. ఆ ద్రవం ఎముకచాటున కూడ కనబడేంత దట్టంగా ఉండవలెను. ఐనా నెత్తురులో సులభంగా కలిసిపోవలెను. మెదడుకు హాని చేయరాదు. మోనిజ్, లీమాలు బ్రోమైడులను, అయొడైడులను వేర్వేరు పాళ్ళలో కలిపి కపాలాల వెనుక నుంచి చిత్రాలు తీసినారు. కుక్కలపై ప్రయోగించినారు. శవాల శిరస్సుల ధమనులలో ద్రవాన్ని నింపి, ఏ ధమని ఎక్కడ ఏ ఆకారంలో ఉండునో పటాలు వ్రాసుకొన్నారు. ఇదంతయు ముగిసిన తరువాతనే రోగులవద్దకు పోయినారు.

మొదట స్ట్రాన్షియం బ్రోమైడ్ వాడినారు. తొలిరోగులలో స్పష్టమైన చిత్రం రాలేదు. ఆరవరోగిలో ధమనుల నీడ కొంత పడినది. కాని సంతోషించుటకు అవకాశం లేకపోయినది. ధమనిలో నెత్తురు గడ్డకట్టి ఆ రోగి మరణించినాడు.

ఆ మరణం మోనిజ్‌ను క్రుంగదీసినది. ఆయన పనిని నిలిపివేసి కారణం వెదకినాడు. బ్రోమైడును విడిచి, సోడియం అయొడైడును, అందులోను నూటికి ఇరవైయైదు పాళ్ళకు మించని ద్రావణాన్ని, మరల జంతువులపై పరీక్షించి, అది అంతకంటె క్షేమమని తేలిన పిమ్మటనే తిరిగి రోగివద్దకు వెళ్ళినాడు. 1927వ సంవత్సరం జూన్ 28వ తేదీన, పిట్యూటరీ గ్రంథిలో కంతి ఉన్న ఒక యువకుని తలలో ధమనులు మొట్టమొదటిసారిగా చక్కగా కనబడినవి. కంతి వాటిని ఎట్లు నెట్టివేసినదో కూడ చిత్రంలో తెలిసినది. జులై 7వ తేదీన పారిస్‌లోని నాడీశాస్త్రపరిషత్తులో మోనిజ్ తన పద్ధతిని వెల్లడించినాడు. ఆనాడు ఆయన వయస్సు ఏబదిరెండు.

1931లోను, 1934లోను ఈ విషయంపై పారిస్‌లో ఆయన గ్రంథాలు వెలువడినవి. 1933లో మెదడులోని ధమనిపై ఉబ్బిన బుడగను ఈ పద్ధతితో చిత్రించి ప్రకటించినాడు. ఇటువంటి ధమనిబుడగ పగిలితే రోగి క్షణాలలో కుప్పకూలుతాడు. అంతకుముందు అది సాధారణంగా శవపరీక్షలోనే బయటపడేది. బ్రతికియుండగా దానిని చూడగలుగుట వలననే దానికి చికిత్స చేయవచ్చునన్న ఆశ కలిగినది. 1937లో అమెరికాలో వాల్టర్ డాండీ అటువంటి బుడగ మెడకు లోహపు క్లిప్పు బిగించి రోగిని కాపాడినాడు.

అయితే ఈ విజయంలోనే ఒక ముల్లు దాగియున్నది. సోడియం అయొడైడ్ ఎక్కించునపుడు రోగికి బాధ కలిగేది. 1931 నుండి మోనిజ్ దానికి బదులుగా థోరోట్రాస్ట్ అనే థోరియం ద్రవాన్ని వాడసాగినాడు. చిత్రాలు అద్భుతంగా వచ్చేవి. రోగికి నొప్పి లేదు. వెంటనే ఏ కీడూ కనబడలేదు. కాని థోరియం కిరణాలు వెలువరించే ధాతువు. ఒకసారి దేహంలో చేరిన తరువాత అది బయటికి పోదు. కాలేయంలోను, ప్లీహంలోను నిలిచిపోయి, ఇరవై ముప్పై సంవత్సరాల తరువాత అనేకులకు కాన్సరు కలిగించినది. 1950లలో ఆ ద్రవం వాడుకనుండి తొలగిపోయినది. మరునాడు కనబడని కీడు మరుతరం నాటికి కనబడుతుందన్న గుణపాఠం వైద్యలోకం చాల వెల చెల్లించి నేర్చుకొన్నది.

ఇక రెండవకథ. 1935వ సంవత్సరం ఆగస్టులో లండన్‌లో అంతర్జాతీయ నాడీశాస్త్రమహాసభ జరిగినది. నుదుటివైపు మెదడును తొలగించిన చింపాంజీల ప్రవర్తనను గూర్చి అమెరికన్ శాస్త్రజ్ఞులు అక్కడ నివేదించినారు. తీరని మనోవ్యాధులకు మెదడులోని కొన్ని తంతువుల బిగువే కారణమై ఉండునని, వాటిని తెంచివేసితే రోగి నెమ్మదించునని మోనిజ్ భావించినాడు. ఆ భావనకు నమ్మదగిన నిదర్శనం లేదు. ఐనను ఆ సంవత్సరం నవంబరు 12వ తేదీననే, సభ ముగిసిన మూడునెలలకు, లిస్బన్‌లో మొదటి శస్త్రచికిత్స జరిగినది. కపాలానికి రంధ్రం చేసి, మొదట మద్యసారం ఎక్కించి, పిమ్మట ల్యూకటోమ్ అనే ప్రత్యేక పరికరంతో, లీమా చేతుల మీదుగా ఆ తంతువులను తెంచినారు. ఈ చికిత్సకే ల్యూకాటమీ అని పేరు.

1936లో ఇరవైమంది రోగుల ఫలితాలను మోనిజ్ ప్రకటించినాడు. ఏడుగురికి నయమైనదని, ఏడుగురికి గుణం కనబడినదని, ఆరుగురిలో మార్పు లేదని ఆయన లెక్క. ఈ లెక్కలో లోపం అంకెలలో లేదు, కాలంలో ఉన్నది. చాలమంది రోగులను చికిత్స తరువాత కొద్దివారాలు మాత్రమే చూచి తీర్పు చెప్పినాడు. ఆర్భాటం తగ్గిన రోగిని నయమైన రోగిగా ఎంచినాడు. ఆ శాంతి ఆరోగ్యమో, చైతన్యం సన్నగిల్లుటయో, ఏడాదికి, అయిదేండ్లకు ఆ మనిషి ఏమైనాడో వేచిచూడలేదు. రోగులను పంపిన మానసికవైద్యశాలాధిపతియైన సోబ్రాల్ సిద్ ఆ ఫలితాలను శంకించి, ఇక రోగులను పంప నిరాకరించినాడు. ఆ శంక ఎవరికీ వినబడలేదు.

అమెరికాలో వాల్టర్ ఫ్రీమన్, జేమ్స్ వాట్స్ ఆ చికిత్సను 1936లోనే అందుకొన్నారు. పిమ్మట అది పలుదేశాలకు వ్యాపించినది. అమెరికాలోనే పదులవేలమందికి జరిగినది. వారిలో కొందరికి ఉపశమనం లభించిన మాట నిజమే. కాని చాలమంది ఉత్సాహాన్ని, ఆలోచనాశక్తిని, స్వభావాన్ని కోల్పోయి, కన్నవారికే అపరిచితులైనారు. కొందరు ప్రాణాలే కోల్పోయినారు. 1950లో సోవియట్ దేశం ఆ చికిత్సను నిషేధించినది. 1950ల మధ్యనుండి మనోవ్యాధులకు మందులు వచ్చిన పిమ్మట అది క్రమంగా అంతరించినది.

1939లో ఒక రోగి మోనిజ్‌పై తుపాకి కాల్చినాడు. గాయాలు తగిలినా ఆయన కోలుకొన్నాడు. కాల్చినవాడు ల్యూకాటమీ జరిగిన రోగియని లోకంలో ఒక కథ పుట్టినది. అది నిజం కాదు. కథలో న్యాయం ఉన్నట్లు తోచుటవలననే అది నిలిచిపోయినది.

ధమనుల చిత్రణకుగాను 1928లోను, 1933లోను నోబెల్ బహుమానానికి మోనిజ్ పేరు ప్రతిపాదింపబడినది, బహుమానం రాలేదు. చివరకు 1949లో, ల్యూకాటమీకి, స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు వాల్టర్ హెస్‌తో సమానంగా లభించినది. ఇరువురి పరిశోధనలు వేరు. నోబెల్ బహుమానం పొందిన తొలి పోర్చుగీసు ఆయనయే. దేనికి రావలెనో దానికి రాక, దేనికి రాకూడదో దానికి వచ్చిన బహుమానాలలో ఇది ప్రసిద్ధమైనది. దానిని రద్దు చేయవలెనని రోగుల కుటుంబాలవారు తరువాత కోరినారు, అది జరుగలేదు. 1955వ సంవత్సరం డిసెంబరు 13వ తేదీన, ఎనబదియొకటవ యేట, లిస్బన్‌లో ఆయన మరణించినాడు. సంతానం లేదు. అవాంకాలోని ఆయన ఇల్లు 1968 నుండి ప్రదర్శనశాలగా ఉన్నది.

ఆయన వెలిగించిన మొదటి దీపం మాత్రం ఆరలేదు. 1953లో స్వీడన్‌కు చెందిన సెల్డింగర్, ధమనిలోనికి సూదిద్వారా తీగను, తీగమీదుగా గొట్టాన్ని సురక్షితంగా పంపే మార్గం చూపినాడు. 1970లలో మాస్కోలో సెర్బినెంకో, గొట్టం చివర చిన్న బెలూనును అమర్చి మెదడు ధమనులలోనికి పంపి, అవసరమైనచోట వదలి, చికిత్స చేసినాడు. 1990 ప్రాంతాన ఇటలీ వైద్యుడు గుగ్లియెల్మి, అమెరికాలో, మెత్తని ప్లాటినం తీగచుట్టలతో ధమనిబుడగను నింపే విధానం ప్రవేశపెట్టినాడు. చూచుటకు పుట్టిన మార్గమే చికిత్సకు రాజమార్గమైనది. నేడు వాడే ద్రవాలలో కూడ ధమనిని కనబరచేది మోనిజ్ ఎన్నుకొన్న అయొడినే.

ఈ మార్గాన చికిత్స పొందే వ్యాధులలో కడు చిక్కైనది, ధమని గోడ పొరలు విడిపోయి ఏర్పడే బుడగ. కాలువగట్టుకు కట్టిన రాతితాపడంలో చిన్న పగులు ఏర్పడితే, నీరు ఆ పగులుద్వారా తాపడం వెనుకకు చేరి, మట్టిని త్రవ్వుకొంటూ పోతుంది. పైకి కాలువ పారుతూనే ఉంటుంది. లోపల గట్టు సడలుతూ ఉంటుంది. ధమని లోపలిపొర చిరిగినపుడు నెత్తురు పొరలమధ్యకు చొరబడుట ఇట్టిదే. ఆ నెత్తురు లోపలివైపుకు ఉబ్బితే ధమని ఇరుకై, గడ్డలు కట్టి పక్షవాతం కలుగుతుంది. బయటివైపుకు ఉబ్బితే గోడ పగిలి మెదడుచుట్టూ రక్తస్రావం జరుగుతుంది. మెడకు తగిలిన దెబ్బవలన రావచ్చును. ఏ కారణమూ లేకుండానూ రావచ్చును. నడివయస్సువారిలో, యువకులలో కూడ రావచ్చును. వెర్టెబ్రల్ ధమనులలో దీనిని తరచుగా చూస్తారు.

పగలని బుడగ అనేకులలో మందులతోనే మానుతుంది. పగిలినది మొదటి గంటలలో, దినాలలో మరల పగిలే ప్రమాదం ఎక్కువ గనుక ఆలస్యం పనికిరాదు. రెండవప్రక్క ధమని మెదడుకు చాలినంత నెత్తురునందించగలదని చిత్రంలో తేలితే, చెడిన భాగాన్ని తీగచుట్టలతో పూర్తిగా మూసివేస్తారు. మూయుటకు వీలులేనిచోట, స్టెంట్ అనే లోహపుజాలి గొట్టాన్ని లోపల నిలిపి, ప్రవాహాన్ని సరియైన దారికి మళ్ళిస్తారు.

ఇంతటితో చికిత్స ముగియదు. రోగి నడచి ఇంటికి వెళ్ళినా, విడిన గోడ కుదుటపడుటకు నెలలు పడుతుంది. మూసిన బుడగ మరల తెరుచుకొనవచ్చును. చిన్నది పెద్దది కావచ్చును. స్టెంట్‌లో గడ్డ చేరవచ్చును. ఇరుకైనది తనంతతానే విప్పారవచ్చును. అందుచేత కొన్నినెలలకు ఒకసారి, సంవత్సరానికి ఒకసారి, అవసరాన్నిబట్టి ఆపైన కూడ, ధమనులను మరల చిత్రించి చూస్తారు. చికిత్సనాటి చిత్రం వాగ్దానం మాత్రమే. తరువాతి చిత్రాలే దాని చెల్లింపు.

మోనిజ్ జీవితం ఈ సత్యానికి ఇరువైపులా సాక్ష్యం చెబుతున్నది. ఆరవరోగి మరణించిననాడు ఆయన ఆగినాడు, వెనుకకు చూచినాడు, తప్పును సవరించినాడు. అందుచేత ధమనిచిత్రణ మానవజాతికి వరమైనది. ఇరవైమంది మనోరోగుల విషయంలో ఆయన ఆగలేదు, వెనుకకు చూడలేదు. అందుచేత ల్యూకాటమీ శాపమైనది. రెండుచోట్లా మేధ ఒకటే, సాహసం ఒకటే. ఒకచోట రోగికి ఇచ్చిన మాటకు పూచీ ఉన్నది, మరొకచోట లేదు. మెడకు ఉరిత్రాడు వేసుకొని తప్పిన మాటకు సమాధానం చెప్పబోయిన ఆ పూర్వవీరుని పేరు ధరించినవాని జీవితంలో ఇంతకు మించిన విషాదం లేదు. రోగికి మేలు కలుగుతుందని మాట ఇచ్చినవాడు, ఆ మేలు నిలిచినదో లేదో చూచుటకు ఏండ్లు గడచిన పిమ్మట కూడ వెళ్ళి రోగి తలుపు తట్టవలెను. మెదడు ధమనుల చికిత్సలో నేటి వైద్యులు చేస్తున్న పని అదే.